ప్రశ్న పుట్టదు (బాహుదా వ్యాఖ్యతో)

అవతారిక

వేమనకు టీక ఉంది. సుమతీ శతకానికి ఉంది. ఆఖరికి బడిపిల్లల గైడుకు కూడా తాత్పర్యం ఉంది. శాసనసభలో మంత్రులు చెప్పే జవాబులకు మాత్రం ఇప్పటివరకు ఎవరూ వ్యాఖ్య రాయలేదు. అవి వ్యాఖ్య అక్కర్లేనంత తేటగా ఉంటాయని పండితులు అనుకుని ఉండవచ్చు. వ్యాఖ్యకు కూడా లొంగవని కొందరు అనుమానించి ఉండవచ్చు.

ఈ విషయంలో మనకు గురువు కోలాచల మల్లినాథసూరి. తెలుగుదేశపు మనిషే. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. మూలంలో లేనిదేదీ రాయను, అక్కర్లేనిదేదీ చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం. సచివాలయంలో జవాబులు తయారుచేసే సెక్షను ఆఫీసర్లు ఆయన శిష్యులేనని నా నమ్మకం. అడగనిది చెప్పరు, అవసరం లేనిదని తమకు తోచిందేదీ చెప్పరు. మల్లినాథుడు చదివేవాడి మేలు కోరి ఆ నియమం పెట్టుకున్నాడు, వీళ్లు మంత్రి మేలు కోరి పెట్టుకున్నారు. తేడా అంతే.

ఈ టీకకు 'బాహుదా' అని పేరు. చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో, కాణిపాకం దగ్గర పారే ఏరు అది. లిఖితుడనే ముని తెగిపోయిన చేతుల్ని మళ్లీ మొలిపించిందని పురాణం. మంత్రి జవాబు నరికేసిన ప్రశ్న మళ్లీ మొలవాలంటే ఆ నీళ్లే కావాలి.

మూలం

మాట నిజమె యనిన మంత్రివర్యుఁ డవును
ఎపుడు సభలు జరిగె నెవ్వ రనిన
వివరములను గూర్చి వినిపింతు మధ్యక్ష
ప్రశ్న పుట్ట దనుచు బదులు పలికె

ఈ సంవాదం ఏ ఒక్క రోజూ ఏ ఒక్క సభలోనూ ఇదే రూపంలో జరగలేదు. రోజూ జరిగేదాన్ని పద్యంలో కూర్చాను, అంతే. సందర్భం ఊహించుకోండి. ఐరాల మామిడి రైతుల బాధ విని ఒక సభ్యుడు నక్షత్ర గుర్తు గల (అంటే మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన) ప్రశ్న వేశాడు. (అ) మామిడి ధరపై శాఖ సమావేశం జరిపిన మాట వాస్తవమేనా. (ఆ) అయినచో, ఎప్పుడు, ఎవరెవరితో, ఆ వివరములేమి. (ఇ) కానిచో, అందుకు కారణములేవి?

ప్రతిపదార్థం

మాట = కాగితం మీద అచ్చయిన వాక్యము; నిజమె = వాస్తవమేనా; అనిన = అని అడుగగా; మంత్రివర్యుఁడు = అమాత్యశ్రేష్ఠుడు; అవును = అవునండి (అని చెప్పి కూర్చొనెను).

ఇక్కడ 'మాట' అంటే సంగతి అని అర్థం చెప్పుకుంటే మొత్తం పద్యం చెడుతుంది. మంత్రి అవునన్నది సంగతికి కాదు, వాక్యానికి. వాక్యం ఏమంది? సమావేశం జరిగిందా అంది. జరిగింది. గది ఉంది, కుర్చీలు ఉన్నాయి, టీ వచ్చింది, మినిట్సు రాశారు. కాబట్టి అవును. ధర వచ్చిందా అని వాక్యం అడగలేదు. అచ్చయిన అక్షరాన్ని దాటి అడుగు వెయ్యకపోవడం శాఖల శాస్త్రంలో ప్రథమ సూత్రం.

ఎపుడు = ఏ తేదీన; సభలు = సమావేశములు; జరిగెన్ = జరిగినవి; ఎవ్వరు = హాజరైనవారెవ్వరు; అనిన = అనగా; వివరములనున్ = ఆ వివరములను; కూర్చి = సేకరించి; వినిపింతుము = తెలియజేసెదము; అధ్యక్ష = ఓ సభాపతీ!

'గూర్చి' దగ్గర శ్లేష ఉంది. వివరాలను కూర్చి (సేకరించి) వినిపిస్తాం అని ఒక అర్థం. వివరాలను గూర్చి (వాటి సంగతి) వినిపిస్తాం అని మరో అర్థం. మొదటి అర్థంలో వివరాలు వస్తాయి. రెండో అర్థంలో వివరాలు ముఖ్యమైనవని, ప్రభుత్వం వాటిపై శ్రద్ధ పెట్టిందని, గత ప్రభుత్వం పెట్టలేదని ఒక పావుగంట వస్తుంది. ప్రయోగంలో రెండో అర్థమే ఎక్కువగా కనిపిస్తోంది.

ఇక 'అధ్యక్ష'. ప్రశ్న అడిగింది సభ్యుడు. జవాబు అందేది సభాపతికి. అవసరం ఐరాలలో. ఇంత దూరం నడిచేటప్పటికి మాటకు అలుపు రావడం సహజం. ఈ సంబోధనను తీసిపారేసేవాళ్లున్నారు గానీ, మన జిల్లావాళ్లు ఆ పని చెయ్యకూడదు. ఆ కుర్చీలో మనవాడు కూర్చున్నాడు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1956లో లోక్‌సభ స్పీకరయ్యాడు. 1957 ఎన్నికల్లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఎల్‌ఐసీ డబ్బు ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టారా అని సభలో ప్రశ్న వచ్చింది. ఆర్థికశాఖ ఇచ్చిన మొదటి జవాబు మన పద్యంలోని మంత్రి మెచ్చుకునేటట్టు ఉంది. చేతికి చిక్కదు. కానీ అడిగినవాళ్లు వదల్లేదు. రాంసుభగ్ సింగ్, ఫిరోజ్ గాంధీ ఇద్దరూ అధికారపక్షం వాళ్లే. ఆ శీతాకాలంలో ఫిరోజ్ గాంధీ లెక్కలు పట్టుకుని నిలబడ్డాడు. న్యాయమూర్తి చాగ్లా ఏకసభ్య విచారణ జరిగింది. ముంధ్రా కంపెనీల వాటాలకు కోటీ పాతిక లక్షల దాకా పెట్టిన సంగతి బజారున పడింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశాడు. ఒక చిన్న ప్రశ్న, దానికి దొరకని జవాబు, ఆ జవాబు మీద మళ్లీ ప్రశ్న. బాహుదా మహిమ అంటే ఇదే.

ప్రశ్న = ప్రశ్నము; పుట్టదు = ఉత్పన్నము కాదు; అనుచున్ = అని చెప్పుచు; బదులు = సమాధానము.

ఏ ప్రశ్న పుట్టదు? పద్యంలో చూడండి. (ఇ) భాగంలో అడిగిన కారణాల ఊసే లేదు. లేఖక ప్రమాదమని కొందరంటారు. నా మతం వేరు. పుట్టని ప్రశ్నను పద్యంలో పుట్టించడం అనౌచిత్యమని కవి ఎరుగును.

విసంధి దోషం గురించి కూడా చెప్పాలి. మొదటి పాదం చివర 'అవును', రెండో పాదం మొదట 'ఎపుడు'. మధ్యలో సంధి చెయ్యలేదు. చెయ్యగూడదు. 'అవును' అన్న తర్వాత మంత్రి కూర్చోవాలి, సభ్యుడు లేవాలి, రెండు మైకులు మారాలి.

తాత్పర్యం

సమావేశం జరిగిందా అంటే అవునన్నాడు. ఎప్పుడు, ఎవరితో అంటే సేకరించి చెప్తానన్నాడు. కారణమేమంటే ప్రశ్నే పుట్టదన్నాడు. పాపం మంత్రి అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఈ తాత్పర్యాన్ని చదివేవాళ్లు జాగ్రత్తగా గమనించవలసింది అదే. మూడు జవాబులూ నిజాలే. మూడూ కలిపినా ఐరాల రైతుకు ఒక్క ముక్క తెలియలేదు.

తప్పెవరిది? వ్యాఖ్యాత పక్షపాతి కాకూడదు గనుక సభ్యుణ్ణి కూడా అడగాలి. 'కానిచో' అని రాసింది ఎవరు నాయనా? అయితే అని, కాకపోతే అని రెండు దారులూ తనే వేసి, మంత్రిని కూడలిలో నిలబెట్టాడు. ఆయన ఒక దారిన పోయి రెండోది మూసేశాడు. జరిగిందా అని అడగకుండా, ఫ్యాక్టరీలు కిలోకు ఎంత కట్టాయి, ఎన్ని టన్నులకు కట్టాయి అని అడిగి ఉంటే 'అవును'కు చోటు ఉండేది కాదు. 2025 వేసవిలో చిత్తూరు తోతాపురి సంగతి అందరికీ తెలిసిందే. కాయలు కొనే ర్యాంపుల దగ్గర ధర కూలింది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని లెక్క చెప్పింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 సర్కారు ఇవ్వాలి. జూలైలో కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల చొప్పున 1.62 లక్షల టన్నులకు ఒప్పుకుని, ఖర్చులో సగం తాను భరిస్తానంది. ఇన్ని అంకెలు బయట తిరుగుతుంటే, ప్రశ్నలో ఒక్క అంకె లేకుండా 'మాట వాస్తవమేనా' అని అడగడం ఏమి న్యాయం? అంకె అడిగితే అంకె చెప్పాలి, లేదా చెప్పలేనని ఒప్పుకోవాలి.

పూర్వకథ

1892 చట్టం దాకా ఈ దేశంలో శాసనమండలి సభ్యుడికి ప్రశ్న అడిగే హక్కే లేదు. ఆ హక్కు వచ్చిన మరుసటి ఏడు, 1893 ఫిబ్రవరి 16న, భింగా రాజా మొదటి ప్రశ్న వేశాడు. పెద్ద రాజ్యాంగ విషయమేమీ కాదు. దొరలు పల్లెల్లో మకాం వేసినప్పుడు సరుకులు అందించలేక ఊళ్లోని కోమటి అంగళ్లవాళ్లు పడే పాట్ల గురించి. ఐరాల సంతలో అడగాల్సిన ప్రశ్న వైస్రాయి కౌన్సిల్లో మొట్టమొదట పుట్టింది. అప్పట్లో జవాబు విన్నాక కూర్చోవాల్సిందే, మరుప్రశ్న లేదు. 1909లో అడిగినవాడికే మరుప్రశ్న హక్కు వచ్చింది. 1919 సంస్కరణలతో తక్కినవాళ్లకూ వచ్చింది. ఆ మరుప్రశ్న, అంటే అనుబంధ ప్రశ్న, మొత్తం వ్యవహారానికి ప్రాణం. రాసుకొచ్చిన జవాబు శాఖది. అనుబంధానికి చెప్పే జవాబొక్కటే మంత్రిది. శాఖ తెలిసిన మంత్రి ఎవరో, ఫైలు మోసిన మంత్రి ఎవరో ఆ నిమిషంలో బయటపడిపోతుంది.

నిషేధ సూత్రాలు

లోక్‌సభ నియమాల్లో ప్రశ్న ఎట్లా ఉండకూడదో ఒక పెద్ద పట్టిక ఉంది. 150 మాటలు మించరాదు. వాదన ఉండరాదు, ఊహ ఉండరాదు, వ్యంగ్యం ఉండరాదు. (ఈ వ్యాసం ఆ లెక్కన మూడుసార్లు తిరస్కృతం.) చిల్లర విషయాల గురించి అడగరాదు. జవాబులో ఇమడనంత పెద్ద విధానపరమైన ప్రశ్నలూ అడగరాదు. ఈ చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐరాలలో ఒక ర్యాంపు దగ్గర తూకం సంగతి అడిగితే చిల్లర. రాష్ట్రంలో మామిడి విధానం ఏమిటని అడిగితే మరీ పెద్దది. మధ్యలో ఎంత సైజు ప్రశ్న పడుతుందో కనుక్కోవడమే శాసనసభ్యుడి పాండిత్యం.

'పరిశీలిస్తాం' మీమాంస

మంత్రుల నిఘంటువులో ఈ క్రియకు భూతకాలం లేదు. 'పరిశీలించాం' అనే రూపం ఎక్కడో ఉందంటారు గానీ నాకు ప్రయోగం దొరకలేదు. అయినా జనం అనుకున్నంత తేలిక మాట కాదు ఇది. 1953 డిసెంబరులో లోక్‌సభ ప్రభుత్వ హామీల సంఘాన్ని పెట్టుకుంది. విషయం పరిశీలనలో ఉంది, విచారిస్తున్నాం, సభ్యునికి తెలియజేస్తాను. ఇట్లాంటి మాటలు సభలో అంటే అవి హామీలే అని పట్టిక కట్టారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకుంటే గడువు అడుక్కోవాలి. మన రాష్ట్ర శాసనసభకూ అట్లాంటి సంఘం ఉంది. బయట సభలో దండ వేయించుకుని 'చూస్తాలే' అంటే గాలికి పోతుంది. లోపల అధ్యక్షా అని చేర్చి అదే మాట అంటే రికార్డులో కూర్చుని మంత్రిని చూస్తూ ఉంటుంది. మంత్రి మారినా శాఖను వదలదు. ఈ సంఘం నివేదికలు చదివేవాళ్లు తక్కువ గానీ, వాక్యాల్ని వెంటాడి పట్టే ఉద్యోగం ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా ముచ్చటైనది నాకు కనిపించలేదు.

మరి వెంటాడాల్సినవాళ్లు సభలో లేకుంటే? ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఇదొక ప్రత్యేక అలంకారం. 2017 శీతాకాలం నుంచి వైసీపీ సభకు రానంది. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని శపథం చేసి వెళ్లాడు. 2024లో 175 మందిలో 11 మంది మిగిలిన వైసీపీ, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని మళ్లీ బయటే ఉంది. ఎవరి కారణాలు వాళ్లవి. ఫలితం మటుకు ఒకటే. సొంత పార్టీ సభ్యుడు అడగాలి, సొంత పార్టీ మంత్రి చెప్పాలి. అప్పుడు 'మాట నిజమె' అనడానికి ముందు మంత్రిగారికి ధన్యవాదాలు, తర్వాత ముఖ్యమంత్రిగారికి ధన్యవాదాలు చేరి పద్యానికి నాలుగు పాదాలు చాలవు. స్వపక్షమైనంత మాత్రాన పదును పోనక్కర్లేదని ఫిరోజ్ గాంధీ చూపించాడు గానీ, ఆ పాఠం అందరూ చదవరు.

పాఠాంతరం

ఐరాల ప్రతిలో పద్యం వేరుగా ఉంది. అక్కడ మంత్రి లేడు, అధ్యక్షుడు లేడు. మామిడికాయలమ్ముకుని తిరిగొచ్చిన ఒక పెద్దాయన నోట విన్న పాఠం ఇది: "జరిగిందంటే జరిగిందనాల. ల్యాదంటే ల్యాదనాల. మద్దెలో ఈ పరిశీలనేంది సామీ?"

ఈ పాఠానికి బలం ఉంది. ఈ మండలంలోనే కాణిపాకం వరసిద్ధి వినాయకుడున్నాడు. అప్పు తీర్చానా లేదా, గట్టు జరిపానా లేదా అని తగువు తేలకపోతే కోనేట్లో మునిగి తడిగుడ్డలతో స్వామి ముందు ప్రమాణం చెయ్యడం ఈ పక్క ఆచారం. రాజకీయ నాయకులు కూడా 'కాణిపాకం వస్తావా' అని ఒకరినొకరు సవాలు చేసుకుంటూ ఉంటారు. ఆ ప్రమాణంలో (అ), (ఆ), (ఇ) ఉండవు. 'అయినచో', 'కానిచో' ఉండవు. వివరాలు సేకరించి విన్నవించుకుంటామంటే స్వామి ఊరుకోడని జనం నమ్మకం.

స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములున్నారు. ఒకడికి చూపు లేదు, ఒకడికి వినికిడి లేదు, ఒకడికి మాట లేదు. నీళ్ల కోసం బావి తవ్వుతుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మింది, ముగ్గురి లోపాలూ పోయాయి. శాఖ, సభ్యుడు, మంత్రి అని ముగ్గురికీ పేర్లు పెట్టి చూపినవాళ్లున్నారు. అన్వయం అతిగా సాగదీసినట్టుంది కాబట్టి నేను అంగీకరించను. పార ఎంత లోతు దిగిందన్నది మాత్రం వదలకూడని విశేషం. ముగ్గురూ కలిసి రాయి తగిలేదాకా తవ్వారు. అనుబంధ ప్రశ్నకు అంతకు మించిన లక్షణం అలంకార శాస్త్రంలో దొరకదు.

అయితే సభకు తడిగుడ్డలు కట్టించాలనే పాఠాంతరవాదులతో నేను ఏకీభవించను. ప్రమాణం చేసినవాణ్ణి నమ్మడమో మానడమో మన చేతిలో ఉంటుంది, లెక్క అడిగే వీలు ఉండదు. సభలో జవాబు చెప్పినవాణ్ణి రేపు మళ్లీ లేపవచ్చు. అదేదో చిన్న సౌకర్యంలా కనబడుతుంది గానీ 1892 దాకా అది కూడా లేదు.

వ్యవధి

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి. నోటి జవాబులకు దొరికేది ఒక్క గంట, పదకొండు నుంచి పన్నెండు. ఇరవైలో కొన్నింటికే వంతు వస్తుంది. గొడవ జరిగితే అదీ లేదు. 2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా కారణంగా ఆ గంటనే ఎత్తేశారు. వంతు రాని ప్రశ్నల జవాబులను సభ ముందుంచినట్టు భావిస్తారు.

పద్యంలో 'పలికె' అన్న మాటకు టీక మిగిలింది. గంట పన్నెండయింది. దాన్ని పాఠకుల ముందుంచినట్టు భావించవలెను.