ఎలుకకి షుగరు తగ్గింది

నాయనా, పోషక జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ సీటొచ్చిందట. శుభం. "ఏం చదువు బాబూ అది?" అని ఊళ్ళో పెద్దలు అడిగితే "తిన్న తిండి ఒంట్లో ఏమవుతుందో కనిపెట్టే చదువు" అని చెప్పు, మురిసిపోతారు. వాళ్ళకి అంతవరకే చెప్పు. అసలు సంగతి నీకొక్కడికే చెబుతాను. ఈ చదువులో ఇప్పుడు కనిపెట్టాల్సింది తిండి ఏమవుతుందో కాదు, పేపరు ఏమవుతుందో. ఏ పత్రికలో పడింది, ఎంతమంది ఉటంకించారు, ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత. అన్నం అరిగితే రక్తమవుతుంది, పేపరు అరిగితే ప్రమోషనవుతుంది. రెండో జీవక్రియే త్వరగా జరుగుతుంది. కాబట్టి పెద్దవాణ్ణి, నాలుగు ముక్కలు చెబుతాను, రాసిపెట్టుకో.

మొదట ఒక ఆకు వెతుక్కో. మునగ, కాకర, పొడపత్రి, నేరేడు జోలికి పోకు. వాటిని నీకంటే ముందు వచ్చినవాళ్ళు పీల్చి పిప్పి చేశారు. మేక కూడా మూతి పెట్టని ఆకైతే శ్రేష్ఠం, కొత్తదనం దానంతటదే వస్తుంది. ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తియ్యి. ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణంలో నాలుగు చుక్కలు వెయ్యి. ఊదా విరిగి పసుపొస్తుంది. రాకేం చేస్తుంది? హాస్టలు మెస్సులో టీ డికాషను పోసినా వస్తుంది. ఆ రంగు చూడగానే "శక్తిమంతమైన యాంటీఆక్సిడెంట్" అని రాసెయ్యి. గాజుగొట్టానికి పొట్ట లేదు, పేగు లేదు, కాలేయం లేదు. అందుకే అది ఎప్పుడూ ఎదురు చెప్పదు.

అమెరికా వ్యవసాయ శాఖ కూడా ఒకప్పుడు ఇలాంటి గాజుగొట్టం కొలతలతోనే ఏ పండుకి ఎంత యాంటీఆక్సిడెంట్ బలముందో పెద్ద పట్టిక పెట్టింది. ఓరాక్ పట్టిక అనేవారు. ఆ అంకెలకీ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదనీ, కంపెనీలు వాటిని అమ్మకాలకి వాడుకుంటున్నాయనీ 2012లో తీసిపారేసింది. అది వాళ్ళ చాదస్తం. నువ్వు మానకు.

రెండో ముక్క ఎలుక. మనిషికి షుగరు రావాలంటే ఏళ్ళ తరబడి తెల్లన్నం తినాలి, కుర్చీకి అతుక్కుపోవాలి, పొట్ట పెంచాలి, వంశంలో కాస్త ఉండాలి. అంత ఓపిక ఫెలోషిప్పుకి ఉండదు. కాబట్టి విస్టార్ ఎలుకకి స్ట్రెప్టోజోటోసిన్ సూది పొడుస్తారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపే మందది. రోజుల్లో షుగరు వచ్చి కూర్చుంటుంది. మీ మేనమామ షుగరూ ఈ ఎలుక షుగరూ ఒకటేనా అని అడగడం ల్యాబులో అమర్యాద.

తర్వాత ఆకు సారం కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు ఒక గుంపుకి, 400 ఇంకో గుంపుకి పట్టించు. ఆ అంకెలే ఎందుకంటే ముందు పేపర్లో అవే ఉన్నాయి గనక. 400 అన్నది 60 కిలోల మనిషికి నేరుగా లెక్కేస్తే రోజుకి 24 గ్రాముల సారం. మనిషికీ ఎలుకకీ శరీర విస్తీర్ణంలో ఉన్న తేడా చూసి తగ్గించినా దాదాపు 4 గ్రాములు. అది ఆకు కాదు నాయనా, సారం. అంత సారానికి ఎంత ఆకు కావాలో, రోజూ అంత ఆకు ఎవడు కోస్తాడో, ఎవడు మింగుతాడో పేపర్లో రాయనక్కర్లేదు. "మరిన్ని పరిశోధనలు అవసరం" అని చివర ఒక వాక్యం ఉంటుంది చూడు, ఆ చెత్తంతా దాని కిందకి ఊడ్చెయ్యి. ఎలుకకి షుగరు తగ్గింది. నీకు డాక్టరేటు వచ్చింది. మేనమామ మెట్‌ఫార్మిన్ మేనమామ మింగుతూనే ఉంటాడు.

మూడో ముక్క పసుపు. పసుపు గాయాలు మాన్పుతుందని మన అమ్మమ్మలు ఏ పత్రికలోనూ అచ్చు వేయించుకోలేదు. ఆ ధైర్యంతో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో దాని మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి వాదించి 1997లో రద్దు చేయించింది. భేషైన పని. అయితే పేటెంటు వెనక్కి తెచ్చుకున్నాం గానీ, పసుపులోని కుర్కుమిన్ మీద పేపర్ల వరద ఆపలేకపోయాం. క్యాన్సరు, గుండె, మెదడు, కీళ్ళు, అది నయం చేయని అవయవం లేదు, ప్రయోగశాలలో. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు ఈ కుప్పనంతా తిరగేసి, ఉత్తుత్తి మందుతో పోల్చి కట్టుదిట్టంగా మనుషుల మీద చేసిన పరీక్షల్లో కుర్కుమిన్ ఒక్కదాన్లోనూ నెగ్గలేదని తేల్చారు. అది పరీక్షలనే ఏమారుస్తుంది, పనిచేయకపోయినా పనిచేసినట్టు సంకేతాలిస్తుంది అన్నారు. పైగా పసుపు పొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతమే, అదైనా పేగు దాటి రక్తంలోకి రావడానికి మొరాయిస్తుంది.

మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలో దాని లభ్యత 2000 శాతం పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. ఆ అంకె ఇప్పుడు ప్రతి క్యాప్సూల్ డబ్బా మీదా ఉంది. 2000 శాతం, దేని మీద? పైపరిన్ లేకుండా 2 గ్రాములు మింగిన మనుషుల రక్తంలో అది కనీకనిపించనంతే ఉంది. సున్నా పక్కన నిలబడ్డవాణ్ణి ఇరవై రెట్లు చేస్తే కోటీశ్వరుడవుతాడా? డబ్బా అమ్మినవాడు అవుతాడు. దుగ్గిరాల రైతు కాడు, నిజామాబాద్ రైతు అంతకంటే కాడు.

నాలుగోది గాలివాటు. ఏ ఏడు ఏ గాలి వీస్తోందో కనిపెట్టి తూర్పారబట్టు. ఒకప్పుడు విటమిన్లు, తర్వాత యాంటీఆక్సిడెంట్లు, ఆపైన ఒమేగా-3, ఇప్పుడు పేగుల్లో సూక్ష్మజీవులు. నీ ఆకు సారం పాతదే అయినా శీర్షికలో "గట్ మైక్రోబయోమ్" చేర్చు, కొత్తదవుతుంది. గాలి మారినప్పుడు ఎవరైనా చచ్చారా అని వెనక్కి తిరిగి చూడకు. చూస్తే భయమేస్తుంది. బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సరును ఆపుతుందని లోకమంతా నమ్మిన రోజుల్లో ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర మింగినవాళ్ళలో ఆ క్యాన్సరు 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటిదే ఇంకో పరీక్షలో 28 శాతం ఎక్కువని తేలి 1996లో మధ్యలోనే ఆపేశారు. మాత్రలు ఆగాయి. "యాంటీఆక్సిడెంట్ గుణాలు" అన్న శీర్షిక మాత్రం ఆగలేదు.

గాలి తిరగడం మన పళ్ళెంలోనూ చూడొచ్చు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, పేదవాడి కడుపు నిండింది, జొన్నరొట్టె, కొర్రన్నం పక్కకి జరిగాయి. నలభై ఏళ్ళకి, 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. ఇప్పుడవే కొర్రలు హైదరాబాదు మాల్లో గాజు సీసాలో కూర్చున్నాయి. పండించి తిన్నవాడు రేషను బియ్యం తింటున్నాడు, సీసా కొన్నవాడు సెమినార్లో మాట్లాడుతున్నాడు.

ఇక అచ్చు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన పత్రికలను ఎంచుకోవడానికి కనిపెట్టిన లెక్క. గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడు సగటున ఎన్నిసార్లు ఉటంకించారు అన్నదే అందులో సారమంతా. అది పత్రిక కొలత. దాన్ని మనిషి మెడలో కట్టింది మనం. పెద్ద పత్రికలో దారి దొరక్కపోతే దిగులుపడకు, డబ్బు పుచ్చుకుని అచ్చేసే దుకాణాలు మన గడ్డ మీదే వెలిశాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష జరగకుండానే జరిగిందని చెప్పారనీ, అడక్కుండానే శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకున్నారనీ, రుసుము సంగతి దాచారనీ అభియోగాలు. 2019లో న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. బిర్యానీ, ముత్యాల తర్వాత ఊరి పేరు అంతగా మోగించిన సరుకు ఇంకోటి లేదు.

పరాయి వాళ్ళేమీ తీసిపోలేదు. 2015లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు కావాలనే ఒక వట్టిపోయిన ప్రయోగం చేశాడు. పదిహేనుమంది మనుషులు, పద్దెనిమిది కొలతలు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి కలిసొస్తుంది కదా. చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని తేల్చి, డబ్బు కట్టి అచ్చేయించాడు. ఖండాంతరాల్లో పత్రికలు కళ్ళకద్దుకుని వేసుకున్నాయి. 2013లో మరి ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకంలోంచి 50 దినుసులు ఏరి చూస్తే, వాటిలో 40కి క్యాన్సరుతో ఏదో ఒక సంబంధం అంటగట్టే పేపర్లు దొరికాయి. మిగిలిన పది దినుసులు నీకోసమే ఎదురుచూస్తున్నాయి.

డబ్బులెవరిస్తారంటావా? అమ్ముకునేవాడే ఇస్తాడు. 1967లో హార్వర్డ్ పెద్దలు గుండెజబ్బుకి కొవ్వే ముద్దాయి అన్నట్టుగా, చక్కెర మీద నేరం తేలిపోయేట్టుగా ఒక సమీక్ష రాశారు. దాని వెనక చక్కెర పరిశ్రమ ఇచ్చిన 6,500 డాలర్లున్నాయని బయటపడింది 2016లో. అర్ధశతాబ్దం పాటు లోకం కొవ్వుని తిట్టుకుంటూ తీపి తింది. అంత చవగ్గా అంత ఇంపాక్టు ఇంకెవరూ సాధించలేదు. నువ్వు నేర్చుకోవాల్సింది అక్కడుంది.

చెడు సావాసాలు కూడా చెప్పి వదిలేస్తాను, దూరంగా ఉండు. సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చిబియ్యం తిని జనం బెరిబెరితో కాళ్ళు పడిపోయి కూలబడుతుంటే, ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకి ఆ జబ్బు ఎందుకు రావడం లేదని తలబద్దలు కొట్టుకున్నవాళ్ళు ఒకప్పుడుండేవారు. కూనూరులో మెకారిసన్ అనే ఆయన 1918లో మొదలుపెట్టిన ఆ బెరిబెరి విచారణే పెరిగి, హైదరాబాదుకి తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ పెద్ద గోపాలన్, జొన్నలు తినే దక్కను పేదల చర్మం మీద పెల్లాగ్రా మచ్చలు చూసి, జొన్నలో లూసిన్ ఎక్కువై నయాసిన్‌కి అడ్డుపడుతోందేమోనని వెదికాడు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదాలు జరిగాయి, జరగాలి కూడా. కానీ ప్రశ్న పుట్టింది రోగి చేతుల మీద, పత్రిక విషయసూచికలో కాదు. చూశావా ఎంత పాతకాలం పద్ధతో!

అందరిలోకీ పెడదారి పట్టించేవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ముల్ని స్ప్రూ వ్యాధి మింగింది, తననూ పీడించింది. అమెరికా వెళ్ళి, ఫిస్కే అనే ఆయనతో కలిసి ఒంట్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దానికి ఇప్పటికీ వాళ్ళిద్దరి పేరే. హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. లెడర్లీ ల్యాబులో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అది స్ప్రూని లొంగదీసింది. ఈవేళ ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఉండే 500 మైక్రోగ్రాములు అదే. నోబెల్ రాలేదు, ప్రచారం ఆయనకి పడదు. ఇప్పటి ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చోబెడితే "ఇంత తక్కువ స్కోరుతో ఎలా వచ్చావయ్యా?" అని వెనక్కి పంపేస్తారు.

ఆ ఎర్ర మాత్ర సంగతొచ్చింది గనక ఒక్క మాట. చాలా ఇళ్ళల్లో అది గూట్లోనే ఉండిపోతుంది. కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తుందని, బిడ్డ నల్లగా పుడతాడని భయం. వేసుకున్నవాళ్ళు వెంటనే టీ తాగుతారు, టీలోని టానిన్లు ఇనుముని ఒంటికి అంటనివ్వవు. ఇది అర్ధశతాబ్దంగా తెలిసిన జీవరసాయనమే. మాత్ర గూట్లోంచి గొంతులోకి ఎలా వెళ్తుంది, టీ గ్లాసు గంట ఎలా ఆలస్యమవుతుంది అన్నది అసలు పరిశోధన. కానీ దానికి ఊదారంగు లేదు, ఎలుక లేదు, శీర్షికలో పెట్టుకోవడానికి లాటిన్ పేరున్న ఆకు లేదు. అందుకని దాన్ని ఆశా కార్యకర్తకి వదిలేశాం. ఆవిడకి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాదు గదా, సరైన జీతమే లేదు.

ఫలితం కళ్ళముందే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత 2015-16లో 53.1 శాతం, 2019-21లో 57 శాతం. పేపర్లూ పెరిగాయి, రక్తహీనతా పెరిగింది. ఈ రెంటి మధ్యా సంబంధముందని ఎవడైనా ఒక పేపరు రాస్తే బాగా ఉటంకిస్తారు.

అందుకని విశ్వవిద్యాలయాలకి నాదొక విన్నపం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ పెట్టాడు కదా, దాని పక్కన ఒక్క అక్షరం చేర్చి హెచ్‌బీ-ఇండెక్స్ పెట్టండి. ఆచార్యుడి చుట్టుపక్కల మండలంలో ఆడవాళ్ళ హిమోగ్లోబిన్ అయిదేళ్ళలో ఎంత పెరిగిందో అదే ఆయన స్కోరు. 12 గ్రాములు దాటించినవాడికి ప్రమోషను, దాటించనివాడికి ఇంకో అయిదేళ్ళు అదే కుర్చీ.

సభలో ఎవరూ లేచి ఒప్పుకోరని నాకు తెలుసు. మొదటి అభ్యంతరం కూడా నేనే చెబుతాను. రక్తం వేలికొసన తీయాలా, నరంలో తీయాలా? కుటుంబ ఆరోగ్య సర్వే వేలు గుచ్చితే 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతానికి రక్తహీనత తేలింది. అంతకుముందు 2016-18 సమగ్ర పోషకాహార సర్వే నరంలోంచి తీస్తే ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 40.5 శాతమే తేలింది. కొలత సరిగ్గా ఉండాలనడం న్యాయమే, కాదనను. కానీ ఆ తేడా మీద ఒక పేపరు, దానికి జవాబు, జవాబుకి ఖండన, ఖండన మీద సమీక్ష వస్తాయి. ఒకరినొకరు ఉటంకించుకుంటారు, అందరి హెచ్-ఇండెక్సూ పెరుగుతుంది. నువ్వూ ఆ వరసలో చేరిపో నాయనా. వేలూ నరమూ గుచ్చించుకున్న పిల్లకి ఇనుము ఎవరు పెడతారని మాత్రం అడక్కు. ఆ ప్రశ్న మన విభాగం పరిధిలోకి రాదు.