మెట్టుకీ మెట్టుకీ మధ్య

నేను నాటకాల హార్మోనియాన్ని. నరసరావుపేటలో ఒక ఇంటి అటక మీద, గోనెసంచి కింద పడి ఉన్నాను. పుట్టుక గురించి చెప్పేందుకు పెద్దగా లేదు: 1842లో పారిస్‌లో పేటెంటు, 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతి తిత్తితో చేసిన మార్పు, అంతే. ఇప్పటి సంగతే ఎక్కువ. తిత్తిని ఎలుకలు కొరికేశాయి. రెండు మెట్లు లోపలికి కుంగి మళ్లీ లేవవు. ఇత్తడి రీడ్లకు చిలుం పట్టింది. కోటప్పకొండ తిరునాళ్లకు పద్యనాటకం వేసినా పక్కన కూచునేది కీబోర్డే. పాతసామాన్లవాడికి చూపిస్తే, రీడ్లకు తప్ప దేనికీ డబ్బు రాదన్నాడు. ఇంత జరిగినా, ‘వరవిక్రయం’ నాటకాన్ని సినిమాగా తీసి మంచిపని చేశారనే నేనంటాను. సినిమా వల్ల పని పోగొట్టుకున్నదాన్ని ఆ మాట అంటున్నాను గనక కాస్త నమ్మొచ్చు.

కాళ్లకూరి నారాయణరావు రాసిన ఆ నాటకంలో, కట్నమిచ్చి చేసే పెళ్లి కన్నా నుయ్యే నయమనుకుంటుంది కాళింది. చెల్లెలు కమల అక్కకు కుదిర్చిన వరుణ్నే చేసుకుని కాపురానికి వెళ్లనంటుంది. డబ్బు పోసి కొన్నాం గనక మొగుడే మా గడప తొక్కాలని కోర్టులో వాదిస్తుంది. ఇంత పదునైన ఆడపిల్ల మాటను మా స్టేజీ మీద చాలాచోట్ల పలికింది మీసం తీసేసుకున్న మగవాడు. పాట బాగుంటే వన్స్‌మోర్! చచ్చిన పాత్ర లేచి కూచుని పద్యం మళ్లీ అందుకున్న రాత్రులు తెలుగు నాటకానికి కొత్త కాదు. ముందు వరసలో కూచున్న కట్నాల పెద్దమనిషి రాగానికి తలూపి, మాటను వదిలేసి ఇంటికి పోయేవాడు.

1939లో సి. పుల్లయ్య తీసిన సినిమాలో కాళింది భానుమతి. అదే ఆమె తొలి చిత్రం. 1925లో పుట్టిన పిల్ల. నాటకం ఎవరి గురించి రాశారో ఆ ఈడుపిల్లే వచ్చి నిలబడింది. అందులో ఆమె త్యాగరాజ కీర్తన కూడా పాడింది. మరుసటేడు, 1940లో, ఆలిండియా రేడియో నన్ను వెలేసింది. 1971 దాకా రానివ్వలేదు. గమకం పలకదన్నది నా మీది నేరాల్లో ఒకటి. మంటగానే ఉంటుంది గానీ, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉండే జారు నాకు రాని మాట నిజం. కాళింది విషయంలో ఆడవేషగాడికీ అదే చిక్కు. పైగా తెర మీద వన్స్‌మోర్ చెల్లదు. నూతిలో దూకిన పిల్ల మరి లేవదు.

స్థానం నరసింహారావు ఆడవేషానికి సాటి ఎవరని అడుగుతారు. ఆయన వేశ్య చింతామణిగా మెప్పించిన తీరు గొప్పదే. అయితే వలపు నటించడం వేరు, తన పెళ్లి బేరాన్ని తానే కాదనే పిల్ల గొంతు వేరు. దాసరి కోటిరత్నం లాంటి ఆడవాళ్లు అప్పటికే స్టేజీ మీద లేరా అంటే, ఉన్నారు. కట్నాలు పోసే ఇళ్ల పిల్లలు మాత్రం అరుదు. భానుమతినైనా, మగనటులు తాకకూడదని షరతు పెట్టాకే తండ్రి పంపాడు. వరవిక్రయాన్ని తిట్టే సినిమాకి ఆ షరతు! ఇక సినిమా పోగొట్టుకున్నదీ ఒకటుంది. పెట్రోమాక్సు వెలుగులో నటి జనం కళ్లలోకి చూడగలదు. చీకటి హాల్లో ఎవరి కట్నం వాళ్లు మరిచిపోవచ్చు. అందుకే తెర మీద కమల వాదన ఒక్క మాటైనా తగ్గకూడదు.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది, కట్నం పోలేదు. ఈ నాటకాన్ని మళ్లీ తీసేవాళ్లుంటే పద్యాలు తీసేయండి, నన్ను తీసేయండి, నాకు అలవాటే. చివర్లో కమలను మాత్రం మెత్తబరిచి, అత్తమామల పక్కన నిలబెట్టి గ్రూపు ఫొటో తీయకండి.