ఖాళీగా వచ్చే విమానం

విశాఖపట్నం నుంచి అరకుకు కార్లు తిప్పేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే: ఖాళీగా తిరిగి రావడం. పెట్రోలు ధర పెరిగినా సర్దుకుంటారు, అనంతగిరి ఘాట్‌లో బ్రేకులు అరిగినా సర్దుకుంటారు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపకుండా రావడం మాత్రం వాళ్ల వల్ల కాదు. మా బావ ఆ కులానికి పెద్ద. అలాంటి మనిషి విమానం మీద మనసు పడ్డాడు.

దానికి కారణం డిసెంబరు నెల. మంచు చూద్దామని బయల్దేరిన జనం ఘాట్‌రోడ్డు మీద ముందు కారు నంబరు ప్లేటు చూసి వచ్చేస్తుంటారు. వాళ్లకి గాలికొండ, కాఫీ తోటలు ఆకాశంలోంచి చూపిస్తే తలకింత అని తీసుకోవచ్చని బావ లెక్క. మధ్యప్రదేశ్‌లో ఎక్కడో మూతపడ్డ ఫ్లయింగ్ క్లబ్బులో పాత సెస్నా 172 అమ్మకానికి ఉందట. ఒక ఇంజను, నాలుగు సీట్లు. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించాలంటే విమానాల మీద పెత్తనం చేసే డీజీసీఏ పర్మిట్ కావాలి బావా అన్నాను. "అది తర్వాత చూద్దాం. ముందు బండి ఇంటికి రానీ" అన్నాడు.

బండిని ఇంటికి తేవడానికి ఫెర్రీ పైలట్లని ఉంటారు. ఎక్కడో ఉన్న విమానాన్ని నడుపుకొచ్చి మన చేతిలో పెట్టి, బస్సో రైలో ఎక్కి వెళ్లిపోతారు. రేటు కనుక్కోమని బావ ఆ పని నాకు అప్పజెప్పాడు. లారీవాడైతే సరుకేంటి, ఎక్కడికి, ఎప్పుడు అని మూడు ముక్కలడిగి నాలుగో ముక్కలో రేటు చెప్పేస్తాడు. వీళ్లు రేటు చెప్పే ముందు ఒక ఫారం పంపారు. పెళ్లి సంబంధాల పేరయ్య కూడా అన్ని వివరాలడగడు.

మోడల్, తయారైన ఏడు, సీరియల్ నంబరు, వీటీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్. ఇవి అడిగితే అమ్మేవాడు ఒక ఫొటో పంపాడు. రెక్క నీడలో కుక్క పడుకుని ఉంది. చక్రంలో గాలి లేదు. "రంగు బాగుంది" అన్నాడు బావ.

తర్వాతి ప్రశ్న: చివరిసారి ఎగిరిందెప్పుడు? "నిరుడో, ముందటేడో" అని అటునుంచి జవాబు. కారైతే బ్యాటరీ మార్చి తోసుకుంటాం. విమానం ఇంజను ఊరికే కూర్చుంటే సిలిండర్ల గోడల మీది నూనె జారిపోయి లోపల తుప్పు పడుతుంది. అందుకే ఈ ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ వాళ్లు 2,000 గంటలు తిరిగినా, అన్ని గంటలు తిరక్కుండా 12 ఏళ్లు గడిచినా ఓవర్‌హాల్ చేయించమంటారు. ఇక రెక్క కింద పిటాట్ ట్యూబ్ అని వేలెడంత గొట్టం ఉంటుంది. గాలి వేగం చెప్పేది అదే. కందిరీగలకి అలాంటి గొట్టం కనబడితే చాలు, మట్టి తెచ్చి కాపురం పెట్టేస్తాయి. అప్పుడు పైలట్‌కి ఎంత వేగంలో పోతున్నాడో తెలీదు. ఇవన్నీ చూసి సంతకం పెట్టడానికి లైసెన్సున్న ఇంజనీరు అక్కడికి వెళ్లాలి. ఆయన ఖర్చు వేరు.

బావ అక్కడిదాకా ఓపిగ్గానే విన్నాడు. గొడవ ఏఆర్‌సీ దగ్గర వచ్చింది. విమానం ఎగరడానికి పనికొస్తుందని ఏడాదికోసారి ఇచ్చే కాగితం అది. ఈ విమానానికి ఎప్పుడో గడువు తీరిపోయింది. అలాంటప్పుడు ఆ ఒక్క ప్రయాణానికీ డీజీసీఏ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. నడపడానికి అవసరమైనవాళ్లు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు.

"మరి మిగతా సీట్లు?" అన్నాడు బావ.

"ఖాళీయే."

"అంత దూరం ఖాళీగానా? అదేట్రా! రాయపూర్‌లో ఆపి ముగ్గుర్ని ఎక్కించీమను. పెట్రోలు ఖర్చు వచ్చీదా?"

వంటింట్లోంచి మా అక్క, "నువ్వెక్కి రా. ఇన్సూరెన్సు కాగితాలు నాకిచ్చి ఎక్కు" అంది. ఇన్సూరెన్సు గడి కూడా ఫారంలో ఉంది. విమానం విలువెంత, పైలట్ పేరు పాలసీలో ఉందా అని.

పెట్రోలు అన్నాడు కదా, అదీ మామూలు పెట్రోలు కాదు. ఇలాంటి ఇంజన్లు ఏవ్‌గ్యాస్ తాగుతాయి, గంటకి సుమారు 35 లీటర్లు. పెద్ద విమానాశ్రయంలో జెట్లకు పోసేది దీనికి పనికిరాదు. మన దేశంలో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారుచేసి 2022లో బయటికి తెచ్చేదాకా ఏవ్‌గ్యాస్ అంతా దిగుమతి సరుకే. అది దొరికే ఊళ్లు తక్కువ. అందుకే పైలట్ గీసే దారి తిన్నగా ఉండదు, ఏవ్‌గ్యాస్ ఉన్నచోటల్లా వంకర తిరుగుతుంది. దొరక్కపోతే డ్రమ్ముల్లో తెప్పించాలి. పైగా మన దేశంలో కళ్లతో దారి చూసుకుంటూ నడిపే విమానం చీకటి పడ్డాక ఎగరకూడదు. అంటే మధ్యలో రాత్రి బస కూడా మన ఖర్చే. "మా పెద్దమ్మ కొడుకు రాయపూర్‌లో ఉన్నాడు, వాడింట్లో పడుకోమను" అన్నాడు బావ. ఇది రాయడానికి ఫారంలో గడి లేదు.

దిగే చోటు? "అరకు అని రాసీ" అన్నాడు. అరకులో రన్‌వే లేదు. కొత్తగా వేయించాలంటే నేల కావాలి. 1/70 చట్టం వచ్చాక అక్కడి నేల గిరిజనేతరుల పేరుకి మారదు. దాని జోలికి వెళ్లనివ్వని ఆ చట్టానికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. ఒడిశా వైపు జయపురంలో విమానాశ్రయం ఉంది, 2022లో తొమ్మిది సీట్ల సెస్నా కేరవాన్లు దిగడం మొదలైంది కూడా. కానీ అక్కణ్ణుంచి అరకుకు మళ్లీ బావ కారే ఎక్కాలి. చివరికి విశాఖపట్నమని రాశాను. అది నేవీవాళ్ల ఐఎన్ఎస్ డేగా. ముందే అనుమతి తీసుకుని, వాళ్లిచ్చిన వేళకి దిగాలి. పార్కింగుకి వేరే కట్టాలి.

"అయితే ఎగరనివ్వడం ఎందుకు? లారీ మీద తెచ్చీద్దాం" అన్నాడు. హైదరాబాద్ హోటల్ వాళ్లు కొచ్చిలో పాత విమానం కొని ట్రెయిలర్ మీద తెస్తుంటే 2022 నవంబరులో బాపట్ల జిల్లా కొరిశపాడు అండర్‌పాస్ కింద అది ఇరుక్కుపోయిన సంగతి చెప్పాను. ఎగరడం మానేసిన విమానానికి వంతెన కింద ఆపద. "మరి మన బీచ్ రోడ్డు మీదున్న విమానం ఎలా వచ్చింది?" అన్నాడు. అది నౌకాదళం వాడిన టీయూ-142. దాని రెక్కల పొడవే 50 మీటర్లు. 2017లో సర్వీసు నుంచి తప్పించాక అరక్కోణం నుంచి డేగాకి ఎగురుతూనే వచ్చింది. అక్కడ విడదీసి, ముక్కలు మోసుకొచ్చి, ఒడ్డున మళ్లీ బిగించి, ఆ డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ చేత ప్రారంభం చేయించారు. వాళ్ల వెనక నౌకాదళం ఉంది. మా బావ వెనక రెండు ఇన్నోవాలు, ఒక టెంపో ట్రావెలర్ ఉన్నాయి.

బావ కాసేపు ఆలోచించి, "ఇనుప ఖనిజం దింపే కిరండూల్ గూడ్సు అరకు మీదుగా ఖాళీగానే కదా పైకెళ్తాది?" అన్నాడు. ఆ లైను మీద 58 సొరంగాలున్నాయని చెప్పి ఊరుకున్నాను.

నిండినంత మేర నింపి పంపాం. తిరిగొచ్చిన జవాబులో మొత్తం అంకె లేదు. పైలట్‌కి రోజుకింత, వాన పట్టి కూర్చున్న రోజుకి ఇంత, మిగతాది ఇంజనీరు చూశాక. కూర్చున్న రోజుకి కూడా కూలీ ఏమిటని బావ అన్నం తినే పళ్లెం ముందు చాలాసేపు ఆగిపోయాడు.

ఫారాన్ని అమ్మేవాడికి పంపి, ఖాళీలు పూర్తిచేసి ఇస్తేనే బేరమన్నాడు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. బావ మాత్రం దాన్ని తెలుగులో రాయించి జెరాక్సులు తీయించాడు. సెకండ్‌హ్యాండ్ బండి అమ్ముతానని వచ్చినవాళ్లందరి చేతా నింపిస్తున్నాడు. మొన్న ఎస్.కోట నుంచి ఇన్నోవా తెచ్చిన కుర్రాడు చివరిసారి ఎగిరిన తేదీ, ఇంజను గంటలు, రాత్రి బస వివరాలు దాకా చదివి, కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"బాబూ, ఇది డీజిలు బండండి" అన్నాడు.