పెళ్లయిందా పాపా?

తిరుపతి చుట్టుపక్కల ఆఫీసుల్లో మర్యాద బాగా పెరిగింది. మార్చి 8 వస్తే ఆడవాళ్లకు తలా ఒక గులాబీ, ముగ్గుల పోటీ, గెలిచినవాళ్లకు ప్రెషర్ కుక్కర్. సమానత్వం మీద సార్ ఉపన్యాసం దంచి, 'ఫొటోకి లేడీసంతా ముందుకు రండమ్మా' అంటారు. ఏడాది మొత్తంలో వాళ్లు ముందు వరుసకొచ్చేది అప్పుడే.

అయినా మర్యాదగా పక్కన పెట్టే ఈ విద్యలో మనమింకా ఓనమాల దగ్గరే ఉన్నాం. సత్యవేడు దాటి తమిళనాడులోకి పోతే శ్రీపెరుంబుదూరు, అక్కడ ఫాక్స్‌కాన్ ఐఫోన్ల ఫ్యాక్టరీ. పెళ్లయిన ఆడవాళ్లను అసెంబ్లీ పనికి తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. పనికోసం పోయిన అక్కచెల్లెళ్లను గేటు దగ్గరే సెక్యూరిటీ ఆపి, పెళ్లయిందా అని అడిగి, అయిందనేసరికి వెనక్కి పంపాడట. ఇంటి బాధ్యతలు, కాన్పులు అడ్డమట. మెట్టెలు, తాళి లోహమాయె, అదొక తంటా! కంపెనీ కాదంది. కొత్తగా చేరినవాళ్లలో 25 శాతం పెళ్లయిన ఆడవాళ్లేననీ, లోహం వద్దన్నది అందరికీననీ ప్రభుత్వానికి చెప్పుకుంది. కేంద్ర కార్మిక శాఖ 1976 నాటి సమాన వేతన చట్టాన్ని గుర్తుచేసి తమిళనాడును నివేదిక అడిగింది.

ఆ నవంబరులో ఇంకో వార్త. వయసు, ఆడా మగా, పెళ్లి అనే ముచ్చట్లు ఉద్యోగ ప్రకటనల్లో పెట్టొద్దని పనివాళ్లను చేర్పించే ఏజెంట్లకు ఆ కంపెనీ చెప్పిందట. ప్రకటన కడిగిన ముత్యమైంది. గేటు సంగతి గేటుది.

మన హెచ్చార్లు నేర్చుకోవాల్సింది ఇదే. 'పెళ్లయిందా పాపా?' అని నోరారా అడగడం మోటు. తల కొంచెం వంచి కాళ్లవైపు చూస్తే సరి, మెట్టెల కంటే మంచి బయోడేటా లేదు. 'బిడ్డల్ని ఎవరు చూసుకుంటారమ్మా?' అన్నది కూడా ఆప్యాయంగా అడిగితే వివక్ష అనిపించుకోదు. పక్క కుర్చీలో కూర్చున్న మగాయనకూ ఇద్దరు పిల్లలుంటారు. వాళ్లను ఎవరు చూసుకుంటారో ఏ ఇంటర్వ్యూలోనూ బయటపడిన దాఖలా లేదు.

50 మందికి తగ్గకుండా పనిచేసే చోట పసిపిల్లలకు క్రెష్ ఉండాలని 2017లోనే చట్టంలో చేర్చారు. పేరెందుకు గానీ, మొన్న ఒక ఫ్యాక్టరీలో చంకలో బిడ్డతో వచ్చిన పిల్ల అడిగేసింది.

'క్రెష్ యాడుంది సార్?'

'పోస్టర్లో ఉంది కదమ్మా, చూళ్లేదా?'