కింద పడినా పైచేయి మీదే

అర్థశాస్త్ర మహానుభావులారా, మీకు శతకోటి దండాలు.

లోకంలో మిగతా పనివాళ్ళందరికీ ఓడిపోయే ఖర్మ రాసి ఉంది. గోడ పగుళ్ళిస్తే మేస్త్రీని పిలిచి నిలదీస్తారు. ఇంజెక్షన్ వికటిస్తే ఆర్‌ఎంపీ డాక్టరు రాత్రికి రాత్రి ఊరు మారాలి. వాన పడుతుందన్న రోజున ఎండ కాసిందంటే వాతావరణ శాఖను టీకొట్టు దగ్గర అందరూ ఆడిపోసుకుంటారు. మీకా బెడద లేదు. మీ మందు పనిచేస్తే అది మీ హస్తవాసి. పనిచెయ్యకపోతే రోగి పథ్యం తప్పాడు.

మీలో మీకు పడదని కిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. అదంతా ఓర్వలేనితనం. కీన్స్ వర్గం, ఫ్రీడ్‌మన్ వర్గం, ప్రణాళిక వర్గం, మార్కెట్ వర్గం అని పైకి ఎన్ని పేర్లున్నా, టీవీ చర్చల్లో ఎంత గొంతు చించుకున్నా, ఒక్క విషయంలో మీరంతా ఏకోదరులు. జరిగిన నష్టం ఏ వర్గం పద్దులోనూ పడకూడదన్న కట్టుబాటు మీ ఇంటావంటా ఉంది. ఇంత ఐకమత్యం మా అన్నదమ్ముల్లో ఉంటే పొలం గట్ల మీద తలలు పగిలేవి కావు.

మీ దివ్యదృష్టికి మన రూపాయే మొదటి సాక్షి. 1913లో జాన్ మేనార్డ్ కీన్స్ భారతదేశపు కరెన్సీ మీద పుస్తకం రాశారు. అంతకు ముందు లండన్‌లోని ఇండియా ఆఫీసులో రెండేళ్ళు ఉద్యోగం చేశారు గానీ ఇండియాలో మాత్రం జీవితంలో ఎన్నడూ కాలు పెట్టలేదు. మనవాళ్ళు పిల్లనివ్వాలంటే వరుడి ఊరెళ్ళి, ఇల్లూ వాకిలీ చూసి, ఇరుగుపొరుగును వాకబు చేసి గానీ మాట ఇవ్వరు. అది సామాన్యుల తంతు. ఆయన రూపాయిని చూడకుండానే దాని నాడి చెప్పారు. ఆయన మెచ్చిన ఏర్పాటులో రూపాయికి అండ ఉంటుంది, కాకపోతే ఆ అండ ఉండేది లండన్‌లో. పదేళ్ళ తర్వాత, 1923లో, బి.ఆర్. అంబేడ్కర్ అదే లండన్‌లో పట్టా కోసమే రాసి అచ్చువేసిన గ్రంథంలో ఈ ఏర్పాటును తప్పుబట్టారు. ఇలాగైతే రూపాయిల జారీకి పగ్గం ఉండదని వాదించారు. మీరు ఇద్దరినీ తగినట్టే గౌరవించారు. కీన్స్‌కు పాఠ్యపుస్తకంలో అధ్యాయాలిచ్చారు, అంబేడ్కర్‌కు ఏప్రిల్ 14న పూలదండ వేశారు.

ఇక 1955 నాటి ఢిల్లీ వైభవం తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. రెండో పంచవర్ష ప్రణాళిక తయారవుతోంది. దాన్ని తీర్చిదిద్దుతున్న మహలనోబిస్ చదివింది భౌతికశాస్త్రం, పేరు తెచ్చుకున్నది సంఖ్యాశాస్త్రంలో. అర్థశాస్త్రం బరువు నెత్తిన లేదు గనకనే ఆయన నమూనా అంత తేలిగ్గా గాలిలోకి లేచింది. ముందు యంత్రాలు చేసే యంత్రాలు రావాలి, తిండీ బట్టా వాటి వెనక వస్తాయి. ప్రభుత్వం పిలిచిన ఆర్థికవేత్తల బృందం తలూపింది. అందులో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాసి, లోటు బడ్జెట్టుతో నోట్లు గుద్దితే ధరలు మండుతాయని హెచ్చరించారు. బొంబాయిలో వకీల్, బ్రహ్మానంద అనే ఆర్థికవేత్తలు కలిసి, పనిచేసే మనిషికి ముందు తిండి పెట్టాలి కదా అని అడిగారు. మరీ మొరటు ప్రశ్న. అదే ఏడాది మిల్టన్ ఫ్రీడ్‌మన్ అమెరికా నుంచి వచ్చి, జనాన్ని వాళ్ళ మానాన వాళ్ళను వ్యాపారం చేసుకోనివ్వండని ఒక పత్రం రాసిచ్చి వెళ్ళారు. ఒక్క దేశానికి ఒక్క ఏడాదిలో ఇన్ని సలహాలు దొరకడం పూర్వజన్మ సుకృతం.

ప్రణాళిక 1956లో మొదలైంది. 1957, 58 వచ్చేసరికి విదేశీ మారకం అడుగంటింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లలో ఉక్కు కరుగుతుంటే జనం రేషన్ కొట్ల దగ్గర అమెరికా గోధుమల కోసం నిలబడ్డారు. నమూనా ఓడిందనుకున్నారా? ఎంత మాట! వానలు ఓడాయి, సరిహద్దుల్లో యుద్ధాలు ఓడించాయి, అమలు చేసిన గుమాస్తాలు ఓడారు. అవతలి వర్గమూ సంతోషించింది, మేం ముందే చెప్పాం అనే అవకాశం వాళ్ళకు దక్కింది. ఏళ్ళ తరబడి వృద్ధి మూడున్నర శాతం దగ్గర కదలకుండా కూచుంటే రాజ్ కృష్ణ దానికి ‘హిందూ వృద్ధి రేటు’ అని పేరు పెట్టారు. ఆయన ఎత్తిపొడుపుకే అని ఉండొచ్చు, మీరు మాత్రం దాన్ని శాస్త్రంలో చేర్చుకున్నారు. లోపం లైసెన్సుదీ కాదు, నమూనాదీ కాదు, తెల్లారి లేచి స్నానం చేసి బొట్టు పెట్టుకునే వాడిది. ఇంత సుతారంగా నేరం బదలాయించడం మా ఊరి కరణానికి కూడా చేతకాలేదు.

1991లో విదేశీ మారకం మళ్ళీ అడుగంటి, సుమారు 47 టన్నుల బంగారం విమానాలెక్కి లండన్ దారి పట్టింది. రూపాయికి అండ లండన్‌లో ఉండాలన్న కీన్స్ ముచ్చట అలా తీరింది. పీవీ నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రి, మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గింది, లైసెన్సులు పోయాయి, తర్వాత వృద్ధి పుంజుకుంది. ఇహ చూడండి, బిడ్డ బాగుపడగానే తండ్రులు బారులు తీరారు. మార్కెట్టు వదిలితేనే ఇదంతా అన్నది ఒక వర్గం. మేం వేసిన ఉక్కు, ఐఐటీల పునాది మీదే ఈ మేడ అన్నది మరో వర్గం. అసలు ఊపు 1980ల్లోనే మొదలైందని మూడో వర్గం లెక్కలు తీసింది. దక్షిణ కొరియా సంగతీ అంతే. ఎగుమతులకు తలుపులు తీసింది గనక బాగుపడిందని ఒకరు, ప్రభుత్వమే ముక్కుతాడు పట్టి నడిపించింది గనక బాగుపడిందని ఇంకొకరు. ఒకే దేశం ఇద్దరికీ రుజువుగా పనికొస్తోంది. పొదుపంటే ఇదీ.

స్వీడన్ కేంద్ర బ్యాంకు 1968లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పేరుతో మీకొక బహుమతి పెట్టింది. ఆయన వీలునామాలో మీ శాస్త్రం పేరు లేదు. అయినా ఒక బ్యాంకు తలుచుకుంటే వీలునామాలు అడ్డమా? 1974లో దాన్ని మిర్దాల్‌కూ హాయక్‌కూ కలిపి ఇచ్చారు. ఒకాయన ప్రభుత్వం పూనుకోవాలంటారు, రెండో ఆయన పూనుకుంటే దాస్యమేనంటారు. 2013లో మార్కెట్ ధరలో సమాచారమంతా ఇమిడి ఉంటుందన్న ఫామాకూ, మార్కెట్లకు పిచ్చెక్కుతుందని చూపించిన షిల్లర్‌కూ ఒకే వేదిక మీద హారతి పట్టారు. భౌతికశాస్త్రం వాళ్ళకు ఇంత పెద్ద మనసు ఎప్పుడొస్తుందో. 1997లో మెర్టన్, షోల్స్ రిస్కును కొలిచే విద్యకు అదే బహుమతి అందుకున్నారు. వాళ్ళు భాగస్వాములైన పెట్టుబడి సంస్థ మరుసటి ఏడాదే కుప్పకూలబోతే, న్యూయార్క్ ఫెడ్ పిలిచి కూచోబెట్టిన బ్యాంకులు 360 కోట్ల డాలర్లు పోసి నిలబెట్టాయి. రిస్కు ఎంతుంటుందో ప్రయోగపూర్వకంగా నిరూపించిన శాస్త్రవేత్తలు వాళ్ళు తప్ప ఇంకెవరున్నారు?

2010లో రైన్‌హార్ట్, రోగోఫ్ అనే ఇద్దరు పండితులు, దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి చతికిలపడుతుందని తేల్చారు. యూరప్‌లో ఖర్చులు కోసెయ్యాలన్న వాళ్ళకు అది వేదవాక్కయింది. గ్రీసులో పింఛన్లు తెగ్గోశారు, 2013 నాటికి అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటింది. ఆ ఏడాదే మసాచుసెట్స్‌లో థామస్ హెర్ండన్ అనే విద్యార్థి, క్లాసులో ఇచ్చిన హోంవర్కు కోసం ఆ లెక్క తిరిగి చేస్తే ఎంతకీ కలవలేదు. అసలు ఎక్సెల్ ఫైలు తెప్పించుకు చూస్తే, సగటు తీసే గడిలో ఐదు దేశాల వరసలు ఎంచకుండా వదిలేశారు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్. ఇంగ్లీషు అక్షరక్రమంలో ముందు పుట్టడమే వాటి నేరం. ఆ పొరపాటు, దానితోబాటు మరికొన్ని ఎంపికలు సరిదిద్దితే మైనస్ 0.1 శాతమన్న వృద్ధి కాస్తా 2.2 శాతమైంది. మా సొసైటీ బ్యాంకు గుమాస్తా అలా కూడి ఉంటే సస్పెండయ్యేవాడు. పండితులు మాత్రం ఎక్సెల్ తప్పు ఒప్పుకుని, మా మూల సూత్రం చెక్కు చెదరలేదని సెలవిచ్చారు. నిజమే. చెదిరింది గ్రీసు ముసలివాళ్ళ పింఛను, సూత్రం కాదు.

మా హైదరాబాదును కూడా మీరు ధన్యం చేశారు. సూక్ష్మరుణం పేదరికాన్ని తరిమేస్తుందా లేదా అని వాదించుకుని అలిసిపోయి, మందుల్ని పరీక్షించినట్టు పరీక్షిద్దామన్నది బెనర్జీ, డుఫ్లోల వర్గం. నగరంలో 104 బస్తీలను ఎంచుకున్నారు. చీటీలు తీసినట్టు తీసి, 52 బస్తీలకు ముందుగా అప్పు, మిగతా 52 బస్తీలకు ఇంకొన్నాళ్ళు వేచి ఉండే భాగ్యం ప్రసాదించారు. పాన్, పొగాకు, మద్యం, జూదం, బయట తినే తిండి, వీటన్నిటికీ కలిపి ‘ప్రలోభ వస్తువులు’ అని ఒక పద్దు. ఉస్మానియా బిస్కట్ జూదం పక్కన కూచుందన్నమాట. చివరికి తేలిందేమిటంటే, అప్పుతో కొందరి వ్యాపారం కాస్త పెరిగింది గానీ ఆరోగ్యం, చదువు, ఆడవాళ్ళ మాట చెల్లుబాటు, ఇవేవీ మారలేదు. ఈ తీర్పు పత్రికలో పూర్తిగా అచ్చయింది 2015లో. ఈలోగా 2010లో ఊళ్ళలో గ్రూపు లోన్ల మీద గ్రూపు లోన్లు పడి, వారం వారం కిస్తీ కట్టలేని ఇల్లాలి గడపలో తోటి గ్రూపువాళ్ళనే కూచోబెట్టి, ఆత్మహత్యల వార్తలొచ్చి, అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు పడుకున్నాయి. ప్రభుత్వం వేలు పెట్టబట్టే చెడిందని మీలో ఒక వర్గం, లాభాపేక్ష వేలు పెట్టబట్టే చెడిందని మరో వర్గం. వేలిముద్ర వేసిన ఆవిడ వేలు గురించి ఏ వర్గమూ అడగలేదు, అది ప్రయోగం పరిధిలోకి రాదు.

మీ కులగౌరవాన్ని మంటగలిపినవాడు ఒక్కడున్నాడు, మావాడే గనక సిగ్గుపడుతూ చెబుతున్నాను. కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి ఏ వర్గానికీ విధేయంగా లేకపోయారు. రియల్ ఎస్టేట్ ఊగిపోతున్న రోజుల్లో ఆ అప్పుల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని పట్టుబట్టారు. చాదస్తమన్నారు, పాతకాలం మనిషన్నారు. 2008లో అమెరికా బ్యాంకులు పేకమేడల్లా రాలుతుంటే మన బ్యాంకులు చెక్కుచెదరక నిలబడ్డాయి. ఎంత అప్రతిష్ఠ! ఆ నవంబరులో బ్రిటన్ రాణి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్ళి, ఇంత పెద్ద ఉపద్రవాన్ని ఎవరూ ఎందుకు పసిగట్టలేదని అడిగితే, మీరు గౌరవంగా కొన్ని నెలలు ఆలోచించి, 2009 జులైలో ఉత్తరం రాసి జవాబిచ్చారు. సమిష్టిగా ఊహించలేకపోయామన్నారు. అదీ పద్ధతి. ముందుగా చూడటం, చూసి ఆపడం పెద్దమనుషులు చేసే పనేనా?

డబ్బు దగ్గర మీ లీల మరీ అపారం. ద్రవ్యోల్బణం ఎప్పుడైనా ఎక్కడైనా డబ్బు సరఫరా వల్లేనన్నది ఫ్రీడ్‌మన్ సిద్ధాంతం. 2008 తర్వాత అమెరికా లక్షల కోట్ల డాలర్లు సృష్టిస్తే ఏళ్ళ తరబడి ధరలు కదల్లేదు. సొంత కరెన్సీ ఉన్న ప్రభుత్వానికి డబ్బు కొరతే ఉండదన్న కొత్త వర్గం అప్పుడు మీసం మెలేసింది. 2021లో ధరలు లేచాయి, పాతవర్గం దుమ్ము దులుపుకుని వచ్చింది. మధ్యలో గడిచిన ఏళ్ళ సంగతేమిటంటే, డబ్బు ప్రభావం ఆలస్యంగా, ఎంత ఆలస్యమో చెప్పలేనంత ఆలస్యంగా కనిపిస్తుందని ఫ్రీడ్‌మనే సెలవిచ్చి ఉన్నారు. పోలీసు స్టేషన్లో కూడా నిలబడే సాక్ష్యం ఇది.

మనకు 2016లో రెండు వరాలు దక్కాయి. నవంబరు 8 రాత్రి, చలామణీలో ఉన్న డబ్బులో విలువ ప్రకారం 86 శాతం చెల్లకుండా పోయింది. తిరిగి రాని నోట్లే నల్లధనమని మీలో సమర్థించినవాళ్ళు లెక్కగట్టారు. 99 శాతం తిరిగొచ్చేశాయి. వచ్చాయి గనక అంతా లెక్కలోకి వచ్చింది, ఇదే అసలు విజయం అన్నారు. రాకపోయినా విజయమే అయ్యేది.

రెండో వరం, ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ రెండు శాతం మన్నింపు అన్న చట్టం. ఆరుగురు పెద్దలు కూచుని, రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును తిప్పుతారు. 2022 మేలో 4 శాతం ఉన్నదాన్ని మరుసటి ఫిబ్రవరికి ఆరున్నర చేశారు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి ఎగిరిపోయింది, ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం. మదనపల్లె మండీలో పాటకు వచ్చిన క్రేట్లే తక్కువ. రెపో రేటు పెరిగిందని టమాటా మొక్క రెండు కాయలు ఎక్కువ కాయదు, ఆ మొక్కకు చదువు లేదు. కానీ ఇంటి లోను తీసుకున్నవాడి ఈఎంఐ మాత్రం చదువుకున్నది గనక చెప్పగానే పెరిగింది. దానికీ మీ దగ్గర ఓదార్పు ఉంది. తిండినీ, ఇంధనాన్నీ తీసేసి చూస్తే ధరలు అదుపులోనే ఉన్నాయంటారు. అన్నం తినకుండా, పొయ్యి వెలిగించకుండా బతికే పౌరుడికి ఏ లోటూ లేదు.

వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటితే, ఎందుకు తప్పామో రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి రాసివ్వాలని ఆ చట్టం కిందే నిబంధన ఉంది. 2022 నవంబరులో మొదటిసారి ఆ పని జరిగింది. ఉత్తరం వెళ్ళింది, అందింది. దాన్ని బయటపెట్టమని చట్టంలో ఎక్కడా లేదని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అందులో తప్పు ఎవరిదని రాశారో మాకు చూపించనక్కర్లేదు. ఉక్రెయిన్ యుద్ధానిదో, రుతుపవనాలదో, టమాటా వెయ్యని రైతుదో, వేసినవాడి దగ్గర బేరమాడి కొన్న మాదో అయి ఉంటుంది. మీది మాత్రం అయి ఉండదు.