హేరోదు గారి క్రిస్మస్

డిసెంబరు మొదటి వారం నుంచే ఊళ్లో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. షామియానా వేసిన ప్రతిచోటా ఒక నాటిక ఉంటుంది. తెర లేవబోయే ముందు వ్యాఖ్యాత మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, ‘పరిశుద్ధ గ్రంథంలో ఉన్నది ఉన్నట్టుగా మా యూత్ వారు మీ ముందు ప్రదర్శిస్తారు’ అని ప్రకటిస్తాడు. నటన మీద నాకు ఫిర్యాదు లేదు. పేచీ అంతా ఈ ప్రకటనతోనే.

ఉన్నది ఉన్నట్టు వేస్తే ఆ నాటిక పావుగంటకు మించదు. నాలుగు సువార్తల్లో పుట్టుక కథ చెప్పినవాళ్లు మత్తయి, లూకా ఇద్దరే. మార్కు, యోహాను ఆ జోలికే పోలేదు. పాపం యోసేపుకైతే నాలుగింట్లో ఎక్కడా ఒక్క డైలాగు లేదు. చెప్పింది విని, చేయాల్సింది చేసి, నోరు మెదపకుండా వెళ్లిపోయిన మనిషి. మన స్టేజీ మీద మాత్రం ఆయన చేతిలో రంపం పట్టుకుని ఏకపాత్రాభినయం చేస్తాడు. లూకా సత్రంలో చోటు లేదన్నాడే తప్ప సత్రం యజమాని ఊసే ఎత్తలేదు. మనవాళ్లు ఎత్తారు. ఆయన లుంగీ ఎగ్గట్టి, బుగ్గన కిళ్లీ పెట్టి, పెళ్లాంతో తగాదా పడి, కస్టమర్‌ను కసురుకుంటూ పది నిమిషాలు నవ్విస్తాడు. అటుపక్క నిండు చూలాలు మరియమ్మ నడుం పట్టుకుని నిలబడే ఉంటుంది. కామెడీ ట్రాక్ అయ్యేదాకా ఆవిడకు నొప్పులు రాకూడదు.

జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడని లెక్కగట్టి మనుషుల్ని ముగ్గురిని చేశారు తర్వాతివాళ్లు. పైగా వాళ్లు వెళ్లింది ఇంటికి, పశువుల పాకకు కాదు. అయినా ఆఖరి సీనులో కాపరులు, జ్ఞానులు, దూతలు అందరూ ఒకే తొట్టి చుట్టూ చేరాల్సిందే, గ్రూపు ఫొటో ఉంది కదా. ఇవన్నీ క్షమించేయొచ్చు. లోకమంతా చేస్తున్న పొరపాట్లే. క్షమించరానివాడు హేరోదు.

ఆయన రాక చూడండి. పొగ, ఎర్ర లైటు, డప్పు, ఇద్దరు భటులు. నెత్తిన ఉన్న కిరీటం డ్రామా డ్రస్సుల షాపు నుంచి అద్దెకు తెచ్చింది. శివరాత్రి నాడు ఇదే కిరీటం పెట్టుకుని ఇంకెవరో సుయోధనుడి వేషం కట్టి ఉంటారు. కిరీటంతో పాటు ఆ నడక, ఆ మీసం దువ్వుడు, తొడ చరుపు కూడా అద్దెకు వచ్చినట్టున్నాయి. నోరు విప్పితే 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ మయసభ బాణీలో గుక్క తిప్పుకోని సమాసాలు. నిజం హేరోదు ఎవరు? క్రీ.పూ. 40లో రోము సెనేటు రాజువు పొమ్మంటే రాజయిన సామంతుడు. ఔగుస్తు కైసరు కనుసన్నల్లో బతికినవాడు. మన హేరోదు మాత్రం ముల్లోకాలనూ తన పాదాల కిందే ఉంచుతాడు. పసిపిల్లల వధ సీను వస్తే ఇక చెప్పేదే లేదు. ప్లాస్టిక్ బొమ్మలు, అట్టకత్తులు, కుంకుమనీళ్లు. ఆ వెంటనే, కన్నీళ్లు ఆరకముందే, ఆరేళ్ల పిల్లల యాక్షన్ సాంగ్.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. మధ్యయుగపు ఇంగ్లండులో కొవెంట్రీ పట్టణపు దర్జీలు, ఉన్నిబట్టల మీది నూగు కత్తిరించేవాళ్లు కలిసి ఆడిన క్రిస్మస్ నాటకంలో, హేరోదు వేదికగా వాడే బండి మీదే కాక వీధిలోకి దిగి కూడా వీరంగం వేయాలని ప్రతిలోనే రాసి పెట్టారు. అతిగా అరిచే నటుల్ని తిట్టడానికి షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో హేరోదు పేరే వాడుకున్నాడు. కాకపోతే ఫ్రాన్సిస్ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఈ వేడుకకు తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద చాలనుకున్నాడు. ఆయనకు షామియానా దాతలు లేరు కాబోలు.

అసలు మర్మం అక్కడుంది. హేరోదు వేషం నటన వచ్చినవాడికి కాదు, ఖర్చు పెట్టుకున్నవాడి బామ్మర్దికి. మరియమ్మ వేషం నిరుడు కోశాధికారి కూతురిదైతే ఈ ఏడు కార్యదర్శి కూతురిది. కమిటీలో ఎవరి అండా లేని పిల్లలకు దూది అంటించి గొర్రెల్ని చేస్తారు. కాస్త గట్టిగా అడిగిన తల్లుల పిల్లలు దూతలవుతారు. అందుకే పరలోక సైన్యం ఏటికేడు పెరిగి స్టేజీ పట్టడం లేదు. సంఘంలో ఎవరి స్థానం ఎక్కడో రిజిస్టరు తిరగేయనక్కర్లేదు, ఈ నాటిక చూస్తే చాలు. ఉన్నది ఉన్నట్టు చూపించేది ఇదొక్కటే.

ఇంకో కొత్త వింత, గొంతులు. మాటలన్నీ యూట్యూబ్ నుంచి దింపుకున్న ట్రాకు. స్టేజీ మీదివాళ్లు పెదాలు ఆడిస్తారు. కరెంటు పోతే గబ్రియేలు శుభవార్త సగంలో ఆగిపోతుంది.

కరెంటు ఉన్నా ముఖ్య అతిథి వస్తే ఆగిపోవాల్సిందే. ఎమ్మెల్యే గారి కారు హారన్ వినపడగానే నాటిక ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. సరిగ్గా సత్రం తలుపు దగ్గర అయితే మరీ బాగు. మరియ, యోసేపులను ఓ పక్కకు జరగమని, సోఫాలు వేసి, శాలువాలు కప్పి, కేకు కోయించి, ప్రసంగాలు చేయిస్తారు. సత్రంలో చోటు లేదు గానీ స్టేజీ మీద అతిథి గారికీ, ఆయన అనుచరులకూ, ఫొటోగ్రాఫరుకూ చోటు దొరుకుతుంది.

అడిగితే ‘పిల్లల కోసమండీ, వాక్యం మనసుకు పట్టడానికి’ అంటారు. పట్టింది. మర్నాడు సండే స్కూలు పిల్లలు వీధిలో ఆడుకునేది హేరోదు ఆటే. బాలయేసు వేషం ఎవరికీ అక్కర్లేదు, దానికి బొమ్మ ఉందిగా.

వచ్చే ఏడు చిన్న పరీక్ష పెట్టండి. హేరోదుకు మత్తయి రాసినన్ని మాటలే ఇస్తామని కమిటీలో తీర్మానించండి. ఆ తర్వాత షామియానా డబ్బులు ఎవరిస్తారో చూద్దాం.