ఫొటో పడిందా మేడమ్?

ఒక పిల్లకు ‘అ’ దిద్దించడానికి ఒక టీచరు చాలు. దిద్దించిందో లేదో చూడటానికి మాత్రం ఒకళ్ళు చాలరు. మండలంలో ఎంఈవో, జిల్లాలో డీఈవో, ఆయన పక్కన సహిత విద్య కోఆర్డినేటరు, రాజధానిలో సమగ్ర శిక్ష ప్రాజెక్టు డైరెక్టరు, ఢిల్లీలో ఏటా పద్దులు చూసి మంజూరు చేసే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు. ఇది ఒక వరస. బాలల హక్కుల కమిషన్‌ది ఇంకో వరస. దివ్యాంగుల కమిషనర్‌ది మరో వరస. టీచరుకు ప్రత్యేక విద్యలో అర్హత ఉందో లేదో చూడటానికి 1992 చట్టం కింద నడిచే భారత పునరావాస మండలి వేరే. ఇన్ని జతల కళ్ళు పైనుంచి చూస్తుంటే కింద కూర్చున్న పిల్లకు దిష్టి తగలకుండా ఉంటుందా?

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం మీరు చూసే ఉంటారు. చూడకపోతే మండల కేంద్రంలో పాత హైస్కూలు ఆవరణకు వెళ్ళి, వెనక వైపు ఏ గది ఖాళీగా ఉంటే బావుండునని హెడ్మాస్టరుగారు అనుకుంటున్నారో కనుక్కోండి. అదే భవిత కేంద్రం. గోడ మీద ఛోటా భీమ్, మూలన నడక నేర్పే కడ్డీలు, గాలి తగ్గిన థెరపీ బంతి, ఒక నిలువుటద్దం, బీరువా నిండా రిజిస్టర్లు. ఫిజియోథెరపిస్టు వారానికో రోజు వస్తాడు. మిగతా రోజులు కాళ్ళూ చేతులూ ఓపిక పట్టాలి. అక్కడ పాఠం చెప్పే ఆవిడను తెలంగాణలో ఐఈఆర్పీ అంటారు, ఆంధ్రలో ఐఈఆర్టీ అంటారు. రెండుచోట్లా కాంట్రాక్టే అంటారు.

ఆవిడ పొద్దున గది తీసేసరికి సెరిబ్రల్ పాల్సీ పిల్లను చంకన వేసుకుని ఓ తల్లి గుమ్మంలో ఉంటుంది. పిల్లకు తొమ్మిదేళ్ళు. చంకన వేసుకునే వయసు కాదు, వేసుకోక తప్పే దారీ లేదు. ఆటో ఎక్కాలంటే ఆ రోజు కూలి ఆటోవాడికే. ఈ మూడు నెలలుగా ఆ పిల్లకు నేర్పుతున్నది ఒకే ఒక్క పని: గౌను గుండీ పెట్టుకోవడం. నవ్వకండి. కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మాట వింటే గుండీ పడుతుంది. గుండీ పడితే రేపు పలక పుల్ల పడుతుంది. ఐఈపీలో, అంటే ఆ పిల్ల ఒక్కదాని కోసమే రాసుకున్న చదువు ప్రణాళికలో, ఈ ఏడాదికి లక్ష్యం అదే.

పిల్ల వేళ్ళు కాజా దగ్గరికి వచ్చాయి. అప్పుడే టీచరమ్మ ఫోను మోగింది. వాట్సాప్ గ్రూపు. ‘ఫొటో పడిందా మేడమ్? 10 లోపు జియోట్యాగ్‌తో పెట్టాలి. పిల్లలు, టీఎల్ఎం (బోధనోపకరణాలు), బోర్డు మూడూ కనబడాలి.’ గదిలో సిగ్నల్ లేదు. ఆవిడ చేయెత్తి పట్టుకుని వరండాలోకి, అక్కడినుంచి వేపచెట్టు కిందకు వెళ్ళింది. అక్షాంశం పడింది, రేఖాంశం పడింది. తిరిగొచ్చేసరికి గుండీ కూడా కాజాలో పడి ఉంది. వాళ్ళమ్మ చూసింది. పోర్టల్ చూడలేదు. గుండీకి పోర్టల్‌లో గడి లేదు.

గడులకు కొదవని కాదు. బడుల లెక్కలెక్కించే యూడైస్ ప్లస్‌లో ఉన్నాయి, సమగ్ర శిక్ష పనులు చూసే ప్రబంధ్ పోర్టల్‌లో ఉన్నాయి, ఏ పిల్లలో ఏ లోపం లక్షణాలున్నాయో టీచరే గుర్తుపట్టడానికి 2022లో ఎన్సీఈఆర్టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో ఉన్నాయి. మంచి యాపే. 21 రకాల వైకల్యాలనూ పట్టుకుంటుంది. పట్టుకున్నాక పిల్లను ఎవరి చేతిలో పెట్టాలన్నదే తేలలేదు.

ఇంతకీ చట్టం ఏమంటోందో చూద్దామని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తిరగేశాను. సెక్షన్ 16 దగ్గర ఆగిపోయాను. వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థీ బడిలో ఎంతవరకు పాలుపంచుకుంటున్నాడో, ఎంత నేర్చుకుంటున్నాడో, చదువు పూర్తి చేస్తున్నాడో లేదో పర్యవేక్షించాలట. ప్రతి విద్యార్థీ! రిజిస్టరు అనలేదు, ర్యాంపు అనలేదు, ఫొటో అనలేదు. ఆ పక్క క్లాజులోనే బడికి చేర్చే వాహనం ఉంది, బాగా ఆసరా కావలసిన పిల్లల వెంట వచ్చే మనిషికీ అందులో చోటుంది. చంకనేసుకొచ్చిన తల్లి బహుశా ఆ రెండూ తానేనని ప్రభుత్వం లెక్క వేసుకుని ఉంటుంది. సెక్షన్ 17 మరీ ఉదారం. వైకల్యమున్న బడి పిల్లలను గుర్తించడానికి అయిదేళ్ళకోసారి సర్వే చేయాలి, చట్టం వచ్చిన రెండేళ్ళలో మొదటిది అయిపోవాలి. అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. మీ ఇంటికి ఎవరైనా వచ్చి అడిగారేమో గుర్తు చేసుకోండి. తొందరేం లేదు.

అసలు లెక్క దగ్గరే ఉంది కిటుకు. ఈ విద్యలో మనం కాస్త వెనకబడ్డాం, అమెరికావాళ్ళే ముందున్నారు. అక్కడ టెక్సస్ విద్యాశాఖ 2004లో తన తనిఖీ పట్టికలో ఓ అంకె పెట్టింది: 8.5 శాతం. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనైనా స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు అంతకు మించితే మార్కులు తగ్గుతాయి. అంతే. ఎవరినీ గెంటెయ్యమని ఎవరూ చెప్పలేదు. దేశ సగటు 13 శాతం దగ్గర ఉండగా టెక్సస్ ఏటా కాస్త కాస్త తగ్గుతూ వచ్చి, చక్కగా 8.5 దగ్గర ఆగింది. వైకల్యాలు ఇంత క్రమశిక్షణగా మెలగడం వైద్యశాస్త్రం ఎరగదు. ఆటిజం, డిస్లెక్సియా పిల్లలను పట్టుకుని తల్లిదండ్రులు బడి చుట్టూ తిరిగితే ‘ముందు ఇంకో పద్ధతి చూద్దాం’ అన్నారు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు దండిగా ఉన్నారు కదా, వాళ్ళలోనూ ఎవరో ఒకరు ఆ మాట విని, ‘మన ఇంగ్లీషే సరిగ్గా లేదేమో’ అనుకుని తిరిగొచ్చి ఉంటారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా ఆ అంకె సుఖంగానే ఉంది. మరుసటేడు శాసనసభ దాన్ని నిషేధించింది. 2018 జనవరిలో వాషింగ్టన్ విద్యాశాఖ ఇది చట్ట ఉల్లంఘనేనని తేల్చింది. పర్యవేక్షించేవాళ్ళ మీద పర్యవేక్షణ చేసింది ఒక దినపత్రిక. (ఈ వాక్యం రాస్తున్నప్పుడు కాలమిస్టుకు కలిగిన చిన్న ఆనందాన్ని పాఠకులు మన్నించాలి.)

మనకు అంకె అక్కర్లేదు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ ఉంది. స్లాట్ బుక్ చేసుకోవాలి, క్యాంపు రోజు జిల్లా ఆసుపత్రికి పోవాలి, ఆ రోజు ఆ డాక్టరు రావాలి, వచ్చాక బోర్డు శాతం రాయాలి. 40కి చేరితే లెక్క లోపల, చేరకపోతే బయట. 38 శాతం వచ్చిన పిల్లవాడి సంగతి చూడండి. బడిలో టీచరు వాణ్ణి ‘వీడికి ప్రత్యేకంగా చెప్పేవాళ్ళు కావాలండీ’ అంటుంది. ఆఫీసులో ‘మామూలు పిల్లాడేగా’ అంటారు. రెండు శాతం తేడాతో వాడు ఎవరికీ కాకుండా పోయాడు. వాళ్ళ నాన్న మళ్ళీ స్లాట్ కోసం మీసేవలో నిలబడ్డాడు. కొడుకు వైకల్యం ఇంకో రెండు శాతం పెరిగితే బావుండునని దండం పెట్టుకునే తండ్రులను తయారు చేసిన వ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

ఇక తనిఖీ. ఏ మండలమని అడగొద్దు. నేను కల్పించిందే. కానీ ఇది అచ్చయ్యాక ‘మా ఊరి సంగతి మీకెవరు చెప్పారు సార్’ అని కనీసం నాలుగు జిల్లాల నుంచి ఫోన్లు వస్తాయి. ముందురోజు సాయంత్రమే కబురొచ్చింది. వికలాంగుల మరుగుదొడ్డికి తాళం తీసి, లోపలున్న విరిగిన బెంచీలను, మధ్యాహ్న భోజనం గిన్నెలను బయటికి లాగారు. ర్యాంపుకు సున్నం కొట్టారు. ర్యాంపు ఎక్కిన తర్వాత గుమ్మం ముందు ఒక మెట్టు ఉంది. మెట్టుకూ సున్నం కొట్టారు.

ఆఫీసరుగారు వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ రోజు ఇంకా ఆరు బళ్ళు చూడాలి. చెవికి మిషను పెట్టుకున్న పిల్లాడి ముందు ఆగారు.

‘ఏం బాబూ, వినిపిస్తోందా?’

వాడు పెదాల వంక చూసి, పెద్ద మనిషి నవ్వుతున్నాడు గనక తనూ నవ్వి, తలూపాడు.

‘గుడ్.’

‘సార్,’ అంది టీచరమ్మ, ‘బ్యాటరీ అయిపోయి రెండు నెలలైంది సార్.’

‘మిషను ఇచ్చాం కదమ్మా?’

‘ఇచ్చారు సార్.’

‘చెవికి ఉంది కదా?’

‘ఉంది సార్.’

‘మరి? ఫార్మాట్‌లో ఉపకరణం ఇచ్చారా లేదా అని అడిగారు. బ్యాటరీకి గడి లేదు. లేని గడి నేనెక్కడ తేను?’

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. గుండీ అంత బ్యాటరీ. కొన్ని వారాలకు మించి రాదు, మళ్ళీ మళ్ళీ కొనాలి. మిషను ఒకసారే ఇస్తారు గనక దానికి క్యాంపు ఉంటుంది, షామియానా ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటాడు. బ్యాటరీకి ముఖ్య అతిథిని పిలవడం కుదరదు. పిల్లాడు మిగతా పాఠమంతా నవ్వుతూనే విన్నాడు. రిమార్కుల్లో ‘సంతృప్తికరం’ అని పడింది. అంతటి నిశ్శబ్దంలో కూర్చున్నవాడికి అసంతృప్తి మాత్రం ఎలా తెలుస్తుంది?

డబ్బు సంగతి అడిగేవాళ్ళకు చెప్పాలి, సమగ్ర శిక్షలో ఒక్కో పిల్లకు ఏడాదికి 3,500 రూపాయల దాకా పద్దు ఉంది. ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 స్టైపెండు, పది నెలలు. పన్నెండు కాదు, పది. ఏప్రిల్ ఆఖర్లో బళ్ళు మూసేస్తారు కదా, అప్పుడు వైకల్యం కూడా అమ్మమ్మగారింటికి వెళ్ళిపోతుందని ఆర్థిక శాఖవారి అంచనా.

టీచర్ల సంగతిలో కోర్టులు ఊరుకోలేదు. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో లెక్క కట్టి ఇచ్చింది: ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేక పిల్లలకు ఒక టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు. మూడేళ్ళు దాటాక, 2025 మార్చిలో, అదే కోర్టు రాష్ట్రాలన్నిటికీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది: నాయనా, ముందు మీకు ఎన్ని పోస్టులు కావాలో మూడు వారాల్లో నోటిఫై చెయ్యండి. మూడేళ్ళలో కానిది మూడు వారాల్లో ఎందుకవుతుందని అడగకూడదు, మన దగ్గర పనులన్నీ అలాగే అవుతాయి. న్యాయంగా ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీల పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. కొత్తగా వచ్చినవాళ్ళకు స్వాగతం. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే చేర్చేసి ఉంటారు.

ఇవేవీ జరగకపోతే తల్లి ఏం చేయాలి? ఫిర్యాదు చెయ్యొచ్చు. రాష్ట్ర కమిషనర్‌కు సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. అన్నీ విచారించి, చివరికి సిఫార్సు చేస్తారు. సిఫార్సు అందుకున్న శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి. లేదా ఎందుకు తీసుకోవడంలేదో మూడు నెలల్లో కారణం చెప్పాలి. చెప్పడానికి మన శాఖలకు కారణాలు ఎన్నడూ తక్కువ కాలేదు. చట్టాన్ని మీరితే జరిమానా ఉంది, మొదటి తప్పుకు 10,000 రూపాయల దాకా. షామియానా అద్దెలో అది కనబడదు.

నా మటుకు నాకు ఒక్కటే తోచింది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ, 1984 నుంచి ఉన్నదే, తయారు చేసిన చెక్‌లిస్టు ఒకటుంది. స్పెషల్ టీచర్లు ఎఫ్ఏసీపీ అంటారు. పిల్ల ఒక పని సొంతంగా చేస్తే ప్లస్. నోటితో చెబుతూ ఉంటే చేస్తే వీపీ. చెయ్యి పట్టి చేయించాల్సి వస్తే పీపీ. చెయ్యకపోతే మైనస్. ఆ పని చేసే సందర్భమే పిల్లకు ఎన్నడూ రాకపోతే ఎన్ఈ. ఎవరినీ తిట్టని, ఎవరినీ పొగడని పద్ధతి. పిల్ల ఎక్కడుందో చూసి అక్కడినుంచి మొదలుపెట్టడానికి పనికొస్తుంది. దీన్ని తనిఖీకి వచ్చే సార్లకు వేస్తే ఎలా ఉంటుందని ఒక టీచరమ్మను అడిగాను. చాక్‌పీసు కింద పెట్టకుండానే నింపేసింది.

రిబ్బను కత్తిరించుట: ప్లస్. డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవంలో, ప్రసంగించుట: ప్లస్. చక్రాల కుర్చీ పక్కన నిలబడి ఫొటో దిగుట: ప్లస్, ఏ సాయమూ అక్కర్లేదు. కుర్చీ వేయించుకోకుండా పిల్లల పక్కన చాప మీద కూర్చొనుట: పీపీ, ఇద్దరు పట్టుకుంటే. ఐఈపీ తెరిచి నిరుడు రాసుకున్నది ఈ ఏడు వచ్చిందో లేదో చూచుట: వీపీ, అదీ రెండోసారి చెబితే. ఖాళీ చక్రాల కుర్చీని ర్యాంపు మీద స్వయంగా తోసి చూచుట: మైనస్. తల్లిని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఫోను చూడకుండుట: ఎన్ఈ.

కింద దీర్ఘకాలిక లక్ష్యం కూడా రాసింది: ఏడాది చివరికల్లా సారు ఒక పిల్లను పేరుతో గుర్తుపట్టాలి. తదుపరి అసెస్‌మెంటు మూడు నెలలకు. ఈలోగా సారుకు బదిలీ అయితే, కొత్త సారుకు మళ్ళీ మొదటి పేజీ నుంచి.